పాపాయమ్మ చూడనిది

జాలరిపేటలో మొట్టమొదటి కూలింగ్ గ్లాసులు ఎల్లాజీవి. మొట్టమొదటి బెల్‌బాటమ్ ప్యాంటూ వాడిదే. ఆ ప్యాంటు వేసుకునే ఓ రోజు తండ్రి నావని నెట్టబోతే, అడుగున ఉన్న వెడల్పంతా నీళ్ళు తాగి కాళ్ళకి చుట్టుకుని వాణ్ణి కెరటాల్లో బోర్లా పడేసింది. పేట మొత్తం చూసి నవ్వింది. వాడు లేచి, ఉప్పునీళ్ళు ఉమ్మేసి, "ఈ పేటలో ప్యాంటుతో పడ్డ మొదటోణ్ణి నానే," అని గొప్పగా చెప్పుకున్నాడు. అలాంటి మనిషితో ఎవరు మాత్రం ఎలా వేగుతారు చెప్పండి.

కొత్త అన్న మాట చెవిన పడితే వాడి కాళ్ళు నేల మీద నిలవవు. తండ్రి వీరన్న వెంట మూడు నెలలు వేటకి వెళ్ళి, అది పాతబడిపోయిందన్నాడు. పోర్టులో కలాసీగా చేరాడు, ఆర్నెల్లలో అదీ పాతబడింది. ఐసు ఫ్యాక్టరీ ఒక ఎండాకాలం పాటు కొత్తగా ఉంది. ఇప్పుడు, అంటే ఎనభై అయిదులో, స్టీల్‌ప్లాంటు కడుతున్న చోట ఓ కాంట్రాక్టరు కింద ఇనుప చువ్వలు వంచుతున్నాడు. అక్కడ నెత్తికి పసుపుపచ్చ టోపీ ఇస్తారు కాబట్టి చేరాడే తప్ప వేరే కారణం ఏమీ లేదని వీరన్న ఊరంతా చెప్పుకుని నెత్తి కొట్టుకునేవాడు.

ఇన్నిటిలోనూ వాడికి పాతబడనిది ఒక్క నూకాలే. రెండిళ్ళ అవతల పుట్టిన పిల్ల. పాలపళ్ళు ఊడినప్పటి నుంచీ చూస్తున్నాడు. అయినా పొద్దున్నే ఆ పిల్ల బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వస్తుంటే, ఎవరో కొత్త మనిషి ఆ వేళే వీధిలోకి దిగినట్టు వాడి గుండె గబగబా కొట్టుకునేది. ఎందుకలా అని వాడెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇంత తిరుగుడు తప్పేది.

నూకాలుని పెంచింది వాళ్ళ అమ్మమ్మ పాపాయమ్మ. పేటలో కుర్రకారంతా ఆవిణ్ణి మామ్మ అనే పిలుస్తారు. నలభై అయిదేళ్ళు నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక వీధరుగు మీద స్థిరపడి, వచ్చేపోయేవాళ్ళ మీద తీర్పులు చెబుతూ కాలక్షేపం చేస్తోంది. ఆవిడకి రెండు అలవాట్లు. ఎవరు ఏది చూపించినా "సూసినాన్లే" అనడం ఒకటి. పోయి ఎనిమిదేళ్ళయిన మొగుడు పెంటయ్యని ఇంకా తిట్టడం రెండోది.

పెంటయ్య ఒట్టి అబద్ధాలకోరట. తిమింగలం తనని దారి అడిగిందనేవాడట. సముద్రం అడుగున కోడి కూసిందనేవాడట. "అవన్నీ పోనీ," అనేది పాపాయమ్మ. "ఆకరికి నాకాడా అబద్దాలే. 'ఒడ్డున నువ్వు నిలబడితే నీ ఎర్రసీర నాకు నీళ్ళ మీంచి కనపడతాదే, అది సూసుకునే నావ తిప్పుతాను' అనీవోడు. అంత దూరం నుంచి మేడలే ఆనవు, నా సీర ఆనుతాదంట. సేపలు పడని రోజల్లా ఇదే కబురు." అలా తిట్టిపోస్తూనే, ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఎర్రచీర కట్టుకునే ఒడ్డుకి వెళ్ళేదనీ, ఆయన పోయాక దాన్ని ట్రంకుపెట్టె అడుగున పడేసి మళ్ళీ ముట్టుకోలేదనీ పేటలో పెద్దవాళ్ళకి తెలుసు.

మాఘమాసం మొదట్లో వీరన్న కులపెద్ద చలమయ్యని వెంటబెట్టుకుని, పిల్లనడగడానికి ఆ అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఎల్లాజీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజుకి కూలింగ్ గ్లాసులు కూడా తీసేశాడు.

"ఈరన్నా, నువ్వు మంచోడివే," అంది పాపాయమ్మ. "నీ కొడుకే కొత్త పిచ్చోడు. గడియారం కొన్నాడు, మూణ్ణెల్లకి అమ్మీసినాడు. సైకిలు కొన్నాడు, ఆర్నెల్లకి అమ్మీసినాడు. ఉజ్జోగాల సంగతి సెప్పక్కర్నేదు. కొత్తొక వింత, పాతొక రోత. నా మనవరాలూ ఓ యాడాదికి పాతదవుతాది కదా. అప్పుడేటి సేత్తాడు?"

"నూకాల్ని అలగ సేత్తానా మామ్మా," అన్నాడు ఎల్లాజీ.

"సైకిలు కొన్నప్పుడూ ఇలగే అన్నావు. భీమిలిలో అప్పలసూరని ఒకడున్నాడు. తొమ్మిదేళ్ళుగా అదే వల, అదే లుంగీ. సిరిగితే కుట్టుకుంటాడు గానీ కొత్తది కొనడు. అలగటోడికి ఇచ్చుకుంటాను నా గుంటని."

తలుపు వెనక నుంచి "అదే లుంగీయా" అని నూకాలు మూలిగింది. ఎల్లాజీకి ఒళ్ళు మండిపోయింది. "కొత్తంటే నీకేటి తెలుసు మామ్మా? ఈ అరుగు దిగితే కదా," అనేశాడు. వీరన్న వాడి కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పాపాయమ్మ వక్క నమలడం ఆపి వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. "అరవై అయిదేళ్ళదాన్ని. నువ్వు నాకు కొత్త సెప్తావా? సరే గుంటడా. నాను ఇంతవరకూ సూడనిది ఒక్కటి సూపించు. అలగటిలగటిది కాదు. సూసి నాను 'ఓలమ్మో' అనాల. శివరాత్రిలోగా సూపించినావా, గుంట నీది. నేదా, మర్నాడే భీమిలోళ్ళు తాంబూలాలకి వచ్చీత్తారు."

"కొత్తో పాతో ఎవలు తేల్చాల?" అని చలమయ్య అడిగాడు.

"నానే. అబద్దమాడితే గంగమ్మతల్లి నా కళ్ళు తీసుకుపోతాది."

ఫిర్యాదీ ఆవిడే, జడ్జీ ఆవిడే. అలాంటి కోర్టులో గెలిచినవాడు లోకంలో ఎక్కడా ఉండడు. ఎల్లాజీ మాత్రం గెంతుకుంటూ ఇంటికి వెళ్ళాడు. కొత్తవి పట్టుకురావడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య, పైగా చేతిలో ఇరవై రెండు రోజులున్నాయి.

మొదట టేప్‌రికార్డర్ తెచ్చాడు. పోర్టులో పాత స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చింది. పాపాయమ్మ చేత పెంటయ్యని నాలుగు తిట్లు తిట్టించి, మీట నొక్కి అవే తిట్లు తిరిగి వినిపించాడు. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పాపాయమ్మ చెవి ఒగ్గి ఆఖరిదాకా విని, "సూసినాన్లే. మా తోడికోడలు గంగాలమ్మ. ఇక్కడన్న మాట అన్నట్టే పట్టుకెళ్ళి అక్కడ వప్పజెప్పీది. దానికి కరెంటు కూడా అక్కర్నేదు," అంది.

తరవాత రష్యా బొమ్మ. ఓడలో వచ్చిన ఒక నావికుడికి రెండు డజన్ల అరటిపళ్ళిచ్చి సంపాదించాడు. చెక్కబొమ్మ నడుము పట్టి తిప్పితే లోపల ఇంకో బొమ్మ, దాని లోపల మరొకటి, అలా అయిదు. పిల్లలతో పాటు చలమయ్య కూడా నోరు తెరుచుకుని చూశాడు. పాపాయమ్మ అయిదింటినీ అరుగు మీద వరసగా నిలబెట్టింది. "ఇందులో కొత్తేటున్నాది? పెద్దది మాయమ్మ. ఇది నాను. ఇది నా కూతురు. ఇది నూకాలు. ఈ సిటికెడంతది ఇంకా పుట్టాల." నాలుగు బొమ్మలు వాడికి తిరిగిచ్చేసి, ఆ చిటికెడంత దాన్ని మాత్రం వక్కల సంచిలో వేసుకుంది.

మూడోసారి టీవీ. ఆ మధ్యనే ఊళ్ళోకి వచ్చింది. డాబాగార్డెన్స్‌లో ఒక షాపువాడు అద్దాల వెనక పెట్టి సాయంత్రం పూట ఆడించేవాడు. ఎల్లాజీ రిక్షా మాట్లాడి పాపాయమ్మని ఎక్కించాడు. వెనకాల ఇంకో రెండు రిక్షాలు, సైకిళ్ళు, కాలినడకన పేటలో పిల్లలందరూ, పెద్ద ఊరేగింపే బయల్దేరింది. ఆవిడ అరగంట చూసింది. ఎవరో ఒకాయన ఎరువుల గురించి చెప్పాడు, ఎవరో ఒకావిడ పాడింది, ఆ తరవాత బొమ్మ పోయి చుక్కలొచ్చాయి. "కూకున్న సోటు నుంచి కదలకుండా ఊరోళ్ళ గొడవలు సూడ్డమే కదా. నా అరుగు మీంచి రోజూ సూత్తన్నాను. అక్కడైతే రంగులు కూడా ఉంటాయి," అని రిక్షా ఎక్కేసింది. దారిలో బజ్జీలు మాత్రం వాడి చేతే కొనిపించుకుని తింది.

పన్నెండు రోజులు తిరిగేసరికి పేట మొత్తానికి ఈ జ్వరం అంటుకుంది. వేట మానుకుని మగాళ్ళు, వంట మానుకుని ఆడాళ్ళు పాపాయమ్మ చూడనిదేమిటా అని వెతకడం మొదలుపెట్టారు. ఒకడు మధురవాడ నుంచి అయిదు కాళ్ళ మేకని తోలుకొచ్చాడు. "అయిదోది నేలకి ఆనట్నేదు. ఆనని కాలు ఉంటే ఎంత, నేకపోతే ఎంత," అంది పాపాయమ్మ. నారాయణమ్మ తన కోడిపుంజుకి బట్టలకేసే నీలిమందు నిలువెల్లా పూసి, చంకలో పెట్టుకుని తెచ్చింది. "కోడే. కడుగు," అంది పాపాయమ్మ. నారాయణమ్మ మూడు రోజులు కడిగినా ఆ పుంజు నీలంగానే ఉండిపోయింది, అది వేరే కథ.

ఆవిడకి ఈ సంత బాగా నచ్చింది. పొద్దున్నే తల దువ్వుకుని అరుగెక్కి, "ఇయ్యాల ఏటి తెచ్చినార్రా?" అని కేకేసేది. నలిగిపోయింది ఎల్లాజీ ఒక్కడే. శివరాత్రి ఇంకా మూడు రోజుల్లోకి వచ్చేసింది. వాడికి అన్నం సయించడం లేదు, పసుపుపచ్చ టోపీ మీద కూడా మోజు పోయింది. అప్పలసూరి లుంగీ కలలోకి వస్తోంది.

కుళాయి దగ్గర నూకాలు వాడి మొహం చూసి జాలిపడింది. "బావా, నువ్వు అన్నీ కొట్లల్లో ఎతుకుతన్నావు. కొట్టులో దొరికీదేదైనా మామ్మకి ఎక్కడో ఓ కాడ ఎదురుపడీ ఉంటాది. ఏటి కొనాలా అని కాదు. మామ్మ ఎల్లని సోటు ఏదో అది ఆలోసించు."

"మామ్మ ఎల్లని సోటేటున్నాది? తట్టెత్తుకుని ఊరంతా తిరిగింది. సింహాచలం ఎక్కింది. పెందుర్తిలో పెళ్ళికెల్లింది. సంద్రుడి మీదకి ఒక్కటే ఎల్లనేదు."

"అక్కడికి రిక్షా రాదు," అంది నూకాలు. ఇద్దరికీ నవ్వొచ్చింది. అంత దిగుల్లో కూడా ఆ పిల్ల నవ్వితే వాడికి ఆకలేసింది.

ఇద్దరూ మాట్లాడుకుంటూ ఒడ్డుకి వచ్చారు. అక్కడ వీరన్న కట్టించుకుంటున్న కొత్త నావ ఉంది. వడ్రంగి నీలకంఠం చెక్కల సందుల్లో కొబ్బరిపీచు దట్టించి గుగ్గిలం పూస్తున్నాడు. కొత్త నావకి పూజ కంటే ముందు ఊట చూడాలి. అంటే, ఇసుక బస్తాలు బరువు వేసి, కెరటాలు దాటించి, ఓ గంట నీళ్ళ మీద నిలబెట్టి ఎక్కడెక్కడ నీరు ఊరుతోందో చూసుకోవాలన్నమాట. చుక్క కూడా ఊరడం లేదని తేలాకే పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, గంగమ్మ పూజ. పూజ అయిన క్షణం నుంచి దానిలో ఎవరూ చెప్పులతో కాలు పెట్టకూడదు. ఆడవాళ్ళు అసలు పెట్టకూడదు. ఆ నావ తెచ్చిన చేపలమ్మి సంసారం ఈదేది ఆడవాళ్ళే అయినా, వాళ్ళ బతుకంతా ఒడ్డు మీదే.

ఎల్లాజీ ఇసుక నింపిన బస్తాల వంక చూస్తూ నిలబడిపోయాడు. "నూకాలూ, మీ మామ్మ ఎప్పుడైనా నావెక్కిందేటి?"

"నీకు మతి పోనాదా బావా? ఆడోళ్ళు నావ..." అని ఆ పిల్ల సగంలో ఆగిపోయింది. తనూ బస్తాల వంక చూసింది. తరవాత ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఇసుకలో కూలబడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నీలకంఠం గుగ్గిలం పిడత కింద పెట్టి, ఈ పిల్లలకి ఏం పట్టిందా అని చూశాడు.

చలమయ్య ముందు పంచాయితీ పెట్టారు. ఆయన వినగానే చెవులు మూసుకున్నాడు. "ఆడది నావెక్కితే గంగమ్మ ఊరుకుంటాదేటి?"

"మావా, సెప్పులేసుకుని నావెక్కొచ్చా?" అనడిగాడు ఎల్లాజీ వినయంగా.

"ఎక్కకూడదు. ఎవలెక్కినారు?"

"నువ్వే. మొన్న మద్దేనం సెప్పుల్తో ఈ నావలో పడుకుని గుర్రెట్టినావు. పేటంతా సూసింది."

చలమయ్య గొంతు సవరించుకున్నాడు. "దానికింకా పూజవ్వనేదు కదరా. పూజవ్వందే అది నావెలగవుతాది? అప్పటికది ఒట్టి కర్ర."

"మరిప్పుడూ కర్రే కదా మావా," అన్నాడు ఎల్లాజీ.

చుట్టూ చేరినవాళ్ళంతా "కర్రే, కర్రే" అన్నారు. చలమయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. తను తవ్వుకున్న గోతిలోంచి పరువుగా ఎలా బయటపడాలో ఆయనకి తోచలేదు. నీలకంఠమే ఆదుకున్నాడు. "నాకు నాలుగు బస్తాల బరువు కావాల. మూడే ఉన్నాయి. నాలుగో బస్తాలో ఇసకుందో ఇంకేటున్నాదో నానడగను," అన్నాడు.

చివరికి చలమయ్య తీర్పు చెప్పాడు. పాపాయమ్మ మనిషిగా వెళ్ళడానికి వీల్లేదు. బస్తాగా అయితే వెళ్ళొచ్చు. బస్తా కాబట్టి నోరు విప్పకూడదు. నోరు విప్పిందా, మనిషైపోతుంది, తప్పు కట్టాలి. ఈ తీర్పుకి పేటంతా చప్పట్లు కొట్టింది. పాపాయమ్మ నోరు గంటసేపు మూతపడుతుందంటే అదే పెద్ద కొత్త అని నారాయణమ్మ అంది.

పాపాయమ్మ మొదట ఒప్పుకోలేదు. "సముద్రం సూడనేదేటి నాను? పుట్టినకాడి నుంచీ దాని పక్కనే ఉన్నాను."

"నువ్వు సూడనేదని నానెప్పుడన్నాను మామ్మా. బస్తాకి మనిసి దొరకట్నేదు, అంతే," అన్నాడు ఎల్లాజీ. ఆవిడ ఇంకో పది మాటలు అడ్డం చెప్పింది గానీ, మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు ఒడ్డుకి వచ్చి, కొంగు నడుముకి బిగించి, నావ పక్కన నిలబడి ఉంది. భయమా అంటే అవునంది, సంబరమా అంటే అదీ అవునంది.

ఎల్లాజీ తన పసుపుపచ్చ టోపీ తీసి ఆవిడ నెత్తిన పెట్టాడు. నలుగురు ఎత్తి మూడు బస్తాల పక్కన నాలుగో బస్తాగా కూర్చోబెట్టారు. నీలకంఠం పీచూ గుగ్గిలమూ పట్టుకుని ఎక్కాడు. వీరన్నా ఎల్లాజీ తెడ్లు పట్టారు. పేటంతా భుజం కలిపి నావని నీళ్ళలోకి నెట్టింది. చలమయ్య ఒడ్డున నిలబడి, బస్తా మాట్లాడుతుందేమో చూస్తానని కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంత దూరం నుంచి పెదాలు ఎలా కనపడతాయని ఎవరూ అడగలేదు.

మొదటి కెరటానికి పాపాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండోదానికి ఎల్లాజీ చొక్కా పట్టుకుని చింపింది. మూడోది దాటాక నీళ్ళు సద్దుమణిగాయి. కొంత దూరం పోయాక వీరన్న చుక్కాని పట్టి నావ ముఖం ఒడ్డు వైపు తిప్పాడు. "మామ్మా, ఇప్పుడు కళ్ళు తెరు," అన్నాడు ఎల్లాజీ. అంతవరకూ ఉన్న ధైర్యమంతా వాడికి ఆ క్షణంలో జారిపోయింది. ఇదీ కాకపోతే ఇంకేమీ లేదు.

పాపాయమ్మ కళ్ళు తెరిచింది. అరవై అయిదేళ్ళూ తను కాళ్ళ కింద తొక్కుతూ తిరిగిన నేల మొత్తం ఎదురుగా నిలబడి ఉంది. కుడి పక్క కైలాసగిరి, ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో ఊరు. తను తట్టెత్తుకుని చెమటలు కక్కుతూ ఎక్కిన వీధులు, నలభై అయిదేళ్ళు అరిగిపోయేలా నడిచినవి, అరచేతిలో పట్టేంత ఉన్నాయి. జాలరిపేట ఒక బెత్తెడు. అందులో తన అరుగు ఎక్కడుందో కూడా తెలియలేదు. ఆవిడ టోపీ పైకి తోసుకుని, మెడ చాచి అటూ ఇటూ చూసింది. నోరు తెరుచుకుంది. తెరుచుకున్న నోటిని చేత్తో మూసుకుంది.

అప్పుడు ఆవిడ వేలు లేచింది. ఒడ్డున జనం ఆవాల్లాగా ఉన్నారు, ఎవరు ఎవరో ఆనవాలు తెలియడం లేదు. కానీ ఒక చోట ఎర్రగా ఒక చుక్క ఉంది. "అది నూకాలు మామ్మా. ఎర్రోణీ ఏసుకుంది," అన్నాడు ఎల్లాజీ. పాపాయమ్మ వేలు దించలేదు. ఇంకా దూరం పొమ్మని రెండో చేత్తో సైగ చేసింది. ఇంకా పోయారు. ఇంకా పొమ్మంది. మేడలు మసకబడ్డాయి, మనుషులు చెరిగిపోయారు, ఎర్రచుక్క మాత్రం ఉంది. ఆవిడ దాని వంక అలా చూస్తూనే ఉంది. నీలకంఠం ముందు వైపు ఒక సందులో నీరు ఊరుతోందని చెప్పేదాకా ఎవరికీ ఊట సంగతే గుర్తులేదు.

ఒడ్డుకి రాగానే జనం మీద పడ్డారు. "మామ్మా, కొత్తా పాతా?" "సూసినావా, సూడనేదా?" పాపాయమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. టోపీ తీసి ఎల్లాజీ చేతికిచ్చి, నూకాలుని తోడు రావద్దని చేత్తో ఆపి, ఒక్కతే ఇంటికెళ్ళి తలుపేసుకుంది.

పేట రెండుగా చీలింది. బస్తాని మాట్లాడొద్దన్నారు కాబట్టి మాట్లాడలేదని సగం మంది, కొత్త చూసి నోట మాట పోయిందని సగం మంది. ఎల్లాజీ ఏ సగంలోనూ లేడు. సముద్రం వంక తిరిగి కూర్చుని, చింపిన చొక్కా వంక చూసుకున్నాడు. గెలిచానో ఓడిపోయానో తెలియకపోవడం ఓడిపోవడం కంటే హీనమని వాడికి ఆ రోజే తెలిసింది.

మర్నాడు నీలకంఠం ఊరిన సందు పూడ్చి, మళ్ళీ ఊట చూడాలన్నాడు. శివరాత్రి ఇంకొక్క రోజే ఉంది. నావ దించుతుండగా జనం మధ్యలోంచి దారి విడింది. పాపాయమ్మ వస్తోంది. ట్రంకుపెట్టె మడతలు పడ్డ ఎర్రచీర కట్టుకుని ఉంది. పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఆ చీర చూసి వాళ్ళకి ఎనిమిదేళ్ళయింది.

"ఇయ్యాల బస్తా నాను కాదు. నూకాలు," అంది ఆవిడ. చలమయ్య ఆ మొహం చూసి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. నూకాలు నావెక్కింది. పాపాయమ్మ కెరటాల అంచుదాకా నడిచి, పూర్వం ఎక్కడ నిలబడేదో సరిగ్గా అక్కడే, పాదాల మీదికి నీళ్ళు వచ్చిపోతుండగా నిలబడింది.

నావ వెళ్ళింది. నిన్నటంత దూరమూ వెళ్ళింది, గంట నిలిచింది, తిరిగొచ్చింది. ఎల్లాజీ ఇంకా దిగకముందే పాపాయమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేసి నావ అంచు పట్టుకుంది.

"గుంటడా, నాను కనపడ్డానేటి?"

ఒక్క మాట. అవునంటే పిల్ల తనదవుతుందని ఎల్లాజీకి తెలుసు. అవునని ఎందుకనలేదో వాడికీ తెలియదు. "నాను సూడనేదు మామ్మా," అన్నాడు.

వీరన్న తెడ్డు వదిలేసి తల పట్టుకున్నాడు. "గంటసేపు ఏటి సేసినావురా మరి?" అంది పాపాయమ్మ.

"నూకాల్ని సూత్తన్నాను."

"దాన్ని పుట్టినకాడి నుంచీ సూత్తన్నావు కదా. అందులో కొత్తేటున్నాది?"

"అదే తెల్దు మామ్మా. ఎప్పుడు సూసినా నిన్నటిది కాదు." వాడి మొహం ఎర్రబడిపోయింది. ఇంత పెద్ద జనం ముందు అంత చిన్న మాట చెప్పాల్సి వచ్చినందుకు వాడు నిజంగా సిగ్గుపడ్డాడు.

నూకాలు నవ్వు ఆపుకుంటూ ముందుకి వంగింది. "నాను సూసినాను మామ్మా. కనపడ్డావు. మేడలూ కనపడనేదు, మనుసులూ కనపడనేదు. నువ్వొక్కదానివే ఎర్రగా ఉన్నావు. తిరిగొచ్చీదాకా నిన్ను సూసుకునే వచ్చినాం."

పాపాయమ్మ అలాగే నిలబడింది. ఒక కెరటం వచ్చి చీర కుచ్చెళ్ళు తడిపి పోయింది. "ముసిలోడు నిజమే సెప్పినాడన్నమాట," అంది మెల్లగా. "నలభై ఏళ్ళు అబద్దాలకోరని తిట్టినాను. సచ్చినాక కూడా తిట్టినాను." ఎర్రకొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతలోనే కోపం తెచ్చుకుంది. "నిజం సెప్పినోడు కాస్త గట్టిగా సెప్పొద్దేటి? తిమింగలాల మద్దెన కలిపి సెప్తే ఎవలు నమ్ముతారు?"

ఎవరికీ ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడే తేల్చింది. "సలమయ్యా, బేగి భీమిలికి కబురెట్టు. రావద్దని. ఆ అప్పలసూరికి ఓ కొత్త లుంగీ పంపించు, పాపం."

చలమయ్య చట్టం తెలిసిన మనిషి. "ఉండు పాపాయమ్మా. 'ఓలమ్మో' అనాల అన్నావు. నువ్వు అననేదు కదా."

"బస్తాని మాటాడొద్దన్నావు కదేటి. లోపల అనుకున్నాను. నిన్నటి నుంచీ అనుకుంటానే ఉన్నాను."

ఎల్లాజీ నావలోంచి దూకాడు. ఈసారి బెల్‌బాటమ్ వేసుకోకపోయినా నీళ్ళలో బోర్లా పడ్డాడు. పేట మొత్తం మళ్ళీ నవ్వింది.

ఆ గోలలో నారాయణమ్మ నీలకంఠం పక్కకి చేరి, "ఊట పూర్తిగా తగ్గిపోనాదేటి బాబూ?" అని నెమ్మదిగా అడిగింది. ఆవిడ వెనక పక్కింటి కనకరత్నం, ఆవిడ వెనక ఇంకో పాతికమంది ఆడవాళ్ళు అప్పటికే కొంగులు బిగించి వరసలో నిలబడి ఉన్నారు. నావ లోపల చుక్క తడి లేకుండా ఆరిపోయి ఉంది. నీలకంఠం ఆ వరస వంక చూశాడు, ఒంగి వేలితో ఒక చెక్కని తడిమాడు, వేలిని ఎండలో పెట్టి చాలాసేపు పరీక్షించాడు. "ఇంకా ఉన్నట్టే ఉన్నాది. మళ్ళీ సూడాల," అన్నాడు.

ఆ నావకి ఆ రోజు తొమ్మిదిసార్లు ఊట చూశారు. ఏ నావకీ అన్నిసార్లు చూడలేదు, ఇక ముందు చూడరు. మర్నాడు శివరాత్రి పూటే పూజ అయిపోయింది, అది నావైపోయింది, ఆడవాళ్ళు మళ్ళీ ఒడ్డుకి పరిమితమైపోయారు. కానీ ఆ ఒక్క రోజు మాత్రం వెళ్ళిన ప్రతి బస్తా నీళ్ళ మీంచి వెనక్కి తిరిగి తన పేటని తను చూసుకుంది. నావ తిప్పడానికి గుర్తు కావాలి కదా అని పాపాయమ్మ ఎర్రచీరతో ఒడ్డునే నిలబడింది. మోకాళ్ళు నొప్పి పుట్టవా, కాసేపు కూర్చోమని ఎంతమంది చెప్పినా వినలేదు. సాయంత్రం దాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు.